మైనస్ ఐదు డిగ్రీల సంచీతో పులికాట్‌కు

సంక్రాంతి సెలవులు ఇంకా దూరంలో ఉండగానే చెన్నై, బెంగళూరు, హైదరాబాదు ఆఫీసుల్లో ఒక కొత్త రకం పంచాంగం తయారవుతుంది. దాన్ని ట్రిప్ ప్లాన్ అంటారు. ఎక్సెల్ షీటులో గళ్లు గళ్లుగా ఉంటుంది. శుక్రవారం రాత్రి బయలుదేరడం, శనివారం తెల్లారేసరికి సరస్సు ఒడ్డున నడక అందుకోవడం, మధ్యాహ్నం గాలం వేయడం, చీకటి పడ్డాక గుడారం, నెగడు, పట్టిన చేపను ఆ నెగడు మీదే కాల్చుకోవడం. పక్క గడిలో సరంజామా: అరవై లీటర్ల వీపు సంచి, మైనస్ ఐదు డిగ్రీల చలికి తట్టుకునే స్లీపింగ్ బ్యాగ్, ఎత్తు ప్రదేశాల్లో తల తిరిగితే వేసుకునే మాత్రలు, ఎలుగుబంటి తెరవలేని తిండి డబ్బా, ట్రౌట్ చేపను ఊరించే ఈకల ఎర. ఇంతకీ ప్రయాణం ఎక్కడికయ్యా అంటే పులికాట్ సరస్సుకు. సముద్రానికీ ఆ నీళ్లకూ మధ్య ఉన్నదల్లా ఇసుక దిబ్బలే కనక ఎత్తు వల్ల తల తిరిగే ప్రమాదం ఎవరికీ లేదు. నెల్లూరు సీమలో జనవరి రాత్రి కూడా ఇరవై డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ సంచీలో దూరినవాడు తెల్లారేసరికి ఆవిరి కుడుము అవుతాడు. ఎలుగుబంట్లు పడమటి వెలిగొండల్లో ఉన్నాయి గానీ, బిస్కెట్ల కోసం అంత దూరం దిగి రావు. ఇక ట్రౌట్ అంటారా, దానికి చల్లటి నీళ్లు కావాలి. అందుకే దొరలు దాన్ని తెచ్చి నీలగిరి వాగుల్లోనూ కాశ్మీరు ఏరుల్లోనూ వదిలారు. తడ, సూళ్లూరుపేటల వైపు వదిలే ఆలోచన వాళ్లకు కూడా రాలేదు.

సరంజామాను చూసి నవ్వుకోవడం తేలిక. డబ్బు వాళ్లది, వీపు వాళ్లది. అసలు తగాదా వేరే ఉంది. ఆ షీటులో అన్నీ ఉంటాయి, సరస్సు మాత్రం ఉండదు. నీళ్లు ఎప్పుడు వస్తాయి, ఎప్పుడు పోతాయి, అందులో వల వేసే హక్కు ఎవరిది, ఒడ్డున నిప్పు రాజేస్తే ఏ చట్టం అడ్డొస్తుంది అన్న గడులే లేవు. నకలు కొట్టడంలోనూ చిత్తశుద్ధి లేదని నా ఫిర్యాదు. ఈ నమూనా పుట్టిన అమెరికాలో కొండ సరస్సు పక్కన గాలం వేయాలంటే ముందు ఆ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర లైసెన్సు కొనాలి. ఎన్ని చేపలు, ఎంత పొడవువి పట్టుకోవచ్చో నిబంధనలు ఉంటాయి. యోసెమిటీ లాంటి చోట అడవిలో రాత్రి పడుకోవాలంటే పర్మిట్ ఉండాలి, అవి రోజుకు ఇన్నే ఇస్తారు. ఎలుగుబంటి డబ్బా కూడా అక్కడ సరదా వస్తువు కాదు, నిబంధన. మనవాళ్లు డబ్బాను దిగుమతి చేసుకున్నారు, నిబంధనను విమానాశ్రయంలోనే వదిలేసి వచ్చారు.

ఇలాంటి ప్లాన్ల నెత్తిన తప్పకుండా ఒక కిరీటం ఉంటుంది: ‘ఇంకా ఎవరి కంటా పడని చోటు’. ఎవరి కంట పడలేదో కొంచెం విచారిద్దాం. డచ్చివాళ్లు ఈ సరస్సు దక్షిణపు కొసన 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్లు 1626లో ఉత్తరాన దుగరాజపట్నంలో వర్తకస్థానం పెట్టి, ఆర్మగాన్ అని రాసుకున్నారు. మద్రాసు అప్పటికి వాళ్ల లెక్కల్లోనే లేదు. పందొమ్మిదో శతాబ్దంలో బకింగ్‌హాం కాలువ ఈ సరస్సు మీదుగానే మద్రాసుకు పోయింది. ఉప్పు, కట్టెలు నింపుకున్న పడవలను గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవారు. ఈ తీరంలో భుజాన బరువు పెట్టుకుని నీటి పక్కన మైళ్లకు మైళ్లు నడవడం అనే విద్య కొత్తదేమీ కాదు. కాకపోతే వాళ్లకు ఫోటోలు తీసేవాళ్లు లేరు. 1971 అక్టోబరులో శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ లేచింది. 1976లో పులికాట్‌ను, పక్కనే ఉన్న నేలపట్టును పక్షుల అభయారణ్యాలుగా ప్రకటించారు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పేరిట ప్రభుత్వమే పండగ చేస్తుంది, మంత్రులు వచ్చి రిబ్బన్లు కత్తిరిస్తారు. 2022లో జిల్లాల విభజనలో ఆ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. ఆ సంగతి కొంగలకు ఇంకా చేరినట్టు లేదు. నాలుగు వందల ఏళ్లుగా ఇందరు వచ్చిపోతున్న చోటును కనిపెట్టామని చెప్పుకోవడానికి చాలా అమాయకత్వం ఉండాలి, లేదా చాలా మంచి కెమెరా ఉండాలి.

అందరికంటే ముందు నుంచీ ఉన్నవాళ్ల మాట ఇంకా రాలేదు. ఈ ఒడ్డున, శ్రీహరికోట దీవిలో, అక్కడి అడవుల్లో తిరుగుతూ దొరికింది వండుకుని, పొద్దుపోయిన చోట పడుకున్నవాళ్లు యానాదులు. ఇల్లూ వాకిలీ పట్టకుండా తిరగడం ఆ రోజుల్లో సాహస యాత్ర కాదు, అనుమానించదగ్గ ప్రవర్తన. నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది; దాని కింద యానాదుల్లో కొందరి మీద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర పడింది. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు. ఆ తర్వాత శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పోయింది, అక్కడి యానాదులు తిరిగిన నేలకు కంచె పడింది. ఇప్పుడు అదే పని, అంటే ఇల్లు వదిలి నీటి పక్కన నడవడం, గుడ్డ కింద పడుకోవడం, చేప పట్టుకుని కాల్చుకోవడం, పదిహేను వేల రూపాయల సంచి తగిలించుకుని చేస్తే బ్యాక్‌ప్యాకింగ్ అవుతోంది. పనిలో తేడా లేదు. సంచి ధరలో ఉంది.

సరస్సు సొంత ప్లాన్ ఏమిటో కూడా చూడాలి. పులికాట్ మన దేశంలో చిల్కా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. పెద్దది గానీ లోతైనది కాదు. చాలాచోట్ల నడుము దాటని నీళ్లే. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి తెచ్చే వాననీళ్లు ఒక వైపు, రాయదొరువు, కొండూరుపాళెం లాంటి ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు పోటు ఇంకో వైపు దాన్ని నింపాలి. ఆ ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి, తవ్వించండి మహాప్రభో అని మత్స్యకారులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. పోటు రాకపోతే చేపపిల్ల రాదు, రొయ్యపిల్ల రాదు. ఎండాకాలం వచ్చేసరికి ఉత్తరపు వైపు సరస్సు ఎండిపోయి పగుళ్లుబారిన బీడు కనిపిస్తుంది, మిగిలిన మడుగుల్లో నీళ్లు సముద్రం కంటే ఉప్పగా మారతాయి. మే నెల సెలవులకు ప్లాన్ వేసుకున్న పెద్దమనిషి అక్కడ గాలం వేస్తే దుమ్ము పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీళ్లు పుష్కలం, అదే తుపాన్ల కాలం. 1984 నవంబరులో తుపాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. షీటులో ‘అనువైన కాలం: అక్టోబరు నుంచి’ అని రాసుకున్నవాడు బంగాళాఖాతాన్ని సంప్రదించినట్టు కనపడదు.

నీళ్లున్నప్పుడు కూడా ఆ నీళ్లు ఎవరివీ కాకుండా పోవు. సరస్సు దక్షిణ భాగంలో పాడు అనే పద్ధతి తరతరాలుగా ఉంది. రొయ్యలు బాగా దొరికే చోట్లను ఊళ్ల పెద్దలు వంతులు వేసి, చీట్లు తీసి కుటుంబాలకు పంచుతారు. నీ వంతు రాని రోజు అక్కడ నువ్వు వల దించకూడదు. ఉత్తరాన మత్స్యకారుల పట్టపుపాళేల్లోనూ ఏ వల వాడొచ్చు, ఏది వాడకూడదు అన్న కట్టుబాట్లు ఉన్నాయి, తప్పితే జరిమానా ఉంటుంది. బయటి సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. వలా పడవా లేనివాళ్లకు సైతం సరస్సులో ఒక పద్ధతి ఉంది. దక్షిణపు ఒడ్డున ఇరుల తెగ ఆడవాళ్లు తాటాకు సంచిని పళ్లతో కరిచి పట్టుకుని, మెడదాకా నీళ్లలో కూర్చుని, రెండు చేతులతో బురదను తడుముతూ రొయ్యను పట్టి, నోటి దగ్గరి సంచీలో వేస్తారు. బురదలో వేలికి తగిలింది రొయ్యా, పీతా, పెంకా అన్నది చేతికే తెలియాలి. ఆ విద్యకు సరంజామా గడి అక్కర్లేదు, ఎందుకంటే సరంజామా ఆ ఒక్క సంచే. ఇంత లెక్కగా పంచుకున్న నీటి మీదికి కార్బన్ ఫైబర్ కర్రతో దిగి ఇదంతా ఖాళీగా ఉందే అని ఆశ్చర్యపోవడం, పెళ్లి పంక్తిలో పేర్లు రాసిన ఆకుల ముందు కూర్చుని వడ్డించలేదేమని అడగడం లాంటిది.

దీనికి గాలం పక్షంవారి దగ్గర ఒక జవాబు ఉంది, అది పూర్తిగా కొట్టిపారేసేది కాదు. వలలు బుట్టలకు బుట్టలు లాగుతుంటే ఒక్క గాలానికి ఒక్క చేప పడితే కొంపలేం మునుగుతాయి, పైగా మేం పట్టి వదిలేస్తాం కదా అంటారు. లెక్క నిజమే, వల ఎక్కువ పడుతుంది. అయితే వల వేసేవాడు ఒక వంతుకు కట్టుబడ్డాడు, ఒక ఊరికి జవాబుదారు, రేపు చేప లేకపోతే పస్తుండేదీ వాడే. గాలం వేసి వదిలేసేవాడు ఏ లెక్కలోనూ లేడు. వదిలేయడం గురించి కూడా నిజం చెప్పుకోవాలి. ముల్లు లోతుగా గుచ్చుకున్న చేప, ఒడ్డున ఫోటో దిగేదాకా గాలిలో కొట్టుకున్న చేప, అందులోనూ వేడి నీళ్లలోది, వదిలినంత మాత్రాన బతికినట్టు కాదు. తెగిపోయిన నైలాన్ దారం సరస్సులోనే ఉండిపోతుంది. లోతు లేని నీటిలో రోజంతా కాళ్లు ఈడుస్తూ మేసే ఫ్లెమింగోకు అది ఉరితాడు. నోట్లో ముల్లు గుచ్చి, ముద్దు పెట్టి, ఫోటో తీసి, క్షమించి వదిలేయడంలో జీవకారుణ్యం ఏ ఘట్టంలో ఉందో నాకు అంతుపట్టదు. ఆకలికి చంపి తినేవాడి ముందు ఈ కరుణ కొంచెం ఖరీదైన వినోదంలా కనిపిస్తుంది.

రెండో జవాబు ఆదాయం. యాత్రికులు వస్తే ఊరివాళ్లకు నాలుగు డబ్బులు దొరుకుతాయని. దొరికితే మంచిదే. ప్లాన్ షీటులో ఖర్చుల గడి చూడండి: ఎండబెట్టిన తిండి పొట్లాలు ఆన్‌లైనులో, గుడారం ఆన్‌లైనులో, పొయ్యి ఆన్‌లైనులో, నీళ్ల సీసాలు హైవే మీద. ఊరికి మిగిలేది ఆటో కిరాయి, ఖాళీ సీసాలు. ‘స్థానిక గైడ్’ అన్న చోట కుండలీకరణాల్లో ‘అవసరమైతే’ అని ఉంటుంది. అతని అవసరం ఎంతో చెప్పడానికి ఒక్క తారీఖు చాలు. 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పులికాట్‌లో విహారానికి వచ్చినవాళ్ల పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. నడుము లోతు సరస్సే కదా అనుకునేవాళ్లు సముద్రం కలిసే చోట నీళ్ల తీరు వేరని గుర్తుంచుకోవాలి. గుడారం వేసే చోటు సంగతీ అంతే. ఫోటోల్లో అడవిలా కనిపించే సరుగుడు తోపు ఎవరో రైతు వేసుకున్న పంట. కింద మెత్తగా పరుచుకున్న రాలిన ఆకు ఇంకెవరి పొయ్యిలోకో వెళ్లాలి. ఆ ఎండు ఆకు మీద నెగడు వేస్తే ఏమవుతుందో చెప్పడానికి గైడ్ కూడా అక్కర్లేదు.

అయితే ఇక ఎవరూ ఇల్లు కదలకూడదా అని మూడో ప్రశ్న. ఎందుకు కదలకూడదు? నేలపట్టులో గూడబాతులు చెట్ల నిండా గూళ్లు పెట్టే రోజుల్లో వెళ్లి చూడండి. భీములవారిపాళెం రేవులో పడవవాడిని మాట్లాడుకుని, గాలి ఎటు ఉందో అతన్నే తేల్చనిచ్చి, ఇరకం దీవికి వెళ్లి రండి; ఆ దీవి జనానికి పడవ ప్రయాణం సాహసం కాదు, బజారుకు వెళ్లే దారి. అభయారణ్యంలోకి అడుగు పెట్టాలనుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చదువుకోండి, మాత్రల సీసా మీది కాగితం కంటే ఏమంత పొడుగు కాదు. 27వ సెక్షను ప్రకారం ఊరివాళ్లకూ ప్రభుత్వోద్యోగులకూ, ఇంకా చట్టం చెప్పిన కొద్దిమందికీ తప్ప మిగతావారికి పర్మిట్ కావాలి. 30వ సెక్షను అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయొద్దంటుంది. పర్మిట్ ఏయే పనులకు ఇవ్వొచ్చో 28వ సెక్షను వరసగా చెబుతుంది: వన్యప్రాణుల పరిశీలన, ఫోటోలు, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవారితో చట్టబద్ధమైన లావాదేవీ. సరదాకి గాలం వేయడం ఆ జాబితాలో ఎక్కడా లేదు. చేప లేకుండా తిరిగి రాలేమన్నవాళ్లకు మాత్రం ఆ జాబితా చివరి మాటలో కొంచెం సందు ఉంది. పొద్దున్నే పడవలు ఒడ్డు చేరే వేళకు ఒక గుడ్డ సంచితో వెళ్లి, పీతలు తట్టకు ఎంతో అడిగి, సగానికి బేరమాడి, తిట్లు తిని, చెప్పిన ధరే ఇచ్చి కొనుక్కు రావచ్చు.