మెడపట్టీ మీద ఇంటిపేరు

ఈ మధ్య పెళ్లిళ్లకి వెళ్తే ఫోటోగ్రాఫరు మొహం కన్నా ముందు మెడపట్టీ కనిపిస్తోంది. పసుపు అక్షరాలుంటే నికాన్, ఎర్ర అక్షరాలుంటే కెనాన్, ఆల్ఫా గుర్తుంటే సోనీ. గోత్రం అడగక్కర్లేదు, మెళ్లో వేసుకునే తిరుగుతున్నారు. మొన్నొక పెళ్లిలో ఈ మూడు గోత్రాల కుర్రాళ్లూ టిఫిన్ల దగ్గర చేరి ఎవరి కెమెరాలో ఒంటి రంగు బాగా వస్తుందో తేల్చుకుంటున్నారు. ఉప్మా చల్లారిపోతోంది. లోపల పెళ్లికూతురు గౌరీపూజకి కూర్చుంది. ఫోన్లు పట్టుకున్న మేనత్తలు తప్ప అక్కడ ఫోటో తీసే నాథుడు లేడు.

నన్ను చూసి ఒకడు లేచి కుర్చీ వేశాడు. మర్యాదకేం లోటు లేదు. "మాస్టారూ, మీ రోజుల్లో మీరు ఏ సైడు? నికానా, కెనానా?" అన్నాడు.

సైడేమిటి నాయనా! కెమెరాని మేమేమైనా ఎంచుకున్నామా? దొరికిందే మా కంపెనీ.

ఇప్పటివాళ్లకి చెబితే కట్టుకథ అనుకుంటారు గానీ, 1991కి ముందు ఈ దేశంలో విదేశీ కెమెరా తేలిగ్గా దొరికే సరుకు కాదు. దిగుమతి మీద ఆంక్షలు, ఆపైన సుంకాలు. దుబాయో సింగపూరో వెళ్లినవాళ్లు తెస్తే తెచ్చినట్టు. లేదంటే మద్రాసు వెళ్లి బర్మాబజారులో బేరమాడి తెచ్చుకోవాలి. రసీదుండదు, గ్యారంటీ ఉండదు. అలా తెచ్చుకున్నదాన్ని "ఇది నా బ్రాండు" అని ఊరేగించే ఓపిక ఎవడికుంది? ఇంటికొచ్చి రీలు వేసి నొక్కితే బొమ్మ పడిందా లేదా, అదీ మా ఆదుర్దా.

చిన్న ఊళ్ల స్టూడియోల్లో యాషికాదే రాజ్యం. ఢిల్లీలో పత్రికా ఫోటోగ్రాఫర్ హొమాయ్ వ్యారావాలా గారు నెహ్రూ గారిని తీసింది రోలీఫ్లెక్స్‌తో, స్పీడ్ గ్రాఫిక్‌తో. రోలీ కొనే తాహతు మాకెక్కడిది? ఆ పోలికలతోనే జపాన్‌వాళ్లు చేసి అందుబాటు ధరకి ఇచ్చిన జంట లెన్సుల పెట్టె యాషికా మ్యాట్. అందులో 124 జి అనే మోడలు 1970లో వచ్చింది. పొట్ట దగ్గర పట్టుకుని, పైమూత తీసి, తల వంచి చూడాలి. గాజు మీద కుడి ఎడమ, ఎడమ కుడి అవుతుంది. పెళ్లికొడుకు అటు జరిగితే బొమ్మలో ఇటు జరుగుతాడు. కొత్తగా చేరిన కుర్రాడు కెమెరాని తప్పువైపు తిప్పుకుంటూ నెల్లాళ్లు తంటాలు పడేవాడు. రీలుకి 12 బొమ్మలు. రెండు రీళ్ల పెళ్లి అంటే కాస్త ఉన్నవాళ్ల పెళ్లే. ఆ 24 బొమ్మల్లో జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, గ్రూపు ఫోటో, కినుక వహించిన బావగారు అన్నీ రావాలి. ఇప్పుడు పెళ్లికొడుకు చెప్పుల మీదే అన్ని నొక్కుళ్లు నొక్కుతున్నారు.

యాషికా మీద ప్రేమకి అసలు కారణం ఇంకొకటుంది. బాగుచేసేవాడు. బెజవాడ గవర్నరుపేట సందుల్లో ఒక మెకానిక్ ఉండేవాడు. మెట్ల కింద గది, ఒక బల్ల, కంటికి ఇరికించుకునే భూతద్దం. షట్టరు రేకులు జిగటపట్టి నెమ్మదించాయంటే విప్పి, పెట్రోలుతో కడిగి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు వినేవాడు. "సెకనుకి ముప్పయ్యో వంతు సరిగ్గా పడుతోంది పట్టుకెళ్లండి" అనేవాడు. యంత్రం లేదు, మీటరు లేదు, చెవే. ఆయన ఏ కెమెరా స్ప్రింగు మార్చగలడో మా చుట్టుపక్కల స్టూడియోలన్నీ ఆ కెమెరాకే కట్టుబడ్డాయి.

బ్రాండు పంతాలు మాకూ లేకపోలేదు. అవి రీలు దగ్గర. నలుపు తెలుపు రోజుల్లో తూర్పు జర్మనీ ఓర్వో ఒకటి, మన ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు చేసిన ఇందు ఒకటి. రంగులొచ్చాక కోడాక్, ఫూజీ, కోనికా. మొహాలకి కోడాక్, పొలాలకి ఫూజీ అని ఒక నానుడి. అందులో ఎంత నిజమో, కలర్ ల్యాబ్‌లో మిషను మీద కూర్చున్న అబ్బాయి చేతివాటం ఎంతో, వేరే సంగతి. కానీ ఆ పంతానికి అర్థం ఉంది. బొమ్మ రంగుని తేల్చేది రీలే. 35 ఎం.ఎం. రీలు నికాన్‌లోనూ పడుతుంది, కెనాన్‌లోనూ పడుతుంది, పెంటాక్స్‌లోనూ పడుతుంది. రంగు నచ్చకపోతే రీలు మార్చు. ఇప్పుడో? రంగు నచ్చలేదని లక్షలు పోసి కెమెరా మారుస్తారు. మార్చి, ఆ ఫోటోల్ని కంప్యూటర్‌లో పోసి, ఎవడో అమ్మిన ప్రీసెట్ కొట్టి, పెళ్లికూతుర్ని ఇటుక రంగులోకీ పచ్చటి అరిటాకుల్ని బూడిద రంగులోకీ దించుతారు. నికాన్‌లో తీసినా అదే ఇటుక, సోనీలో తీసినా అదే ఇటుక. ఇంక టిఫిన్ల దగ్గర ఒంటి రంగు మీద చర్చ దేనికయ్యా?

నా చేతికి నికాన్ ఎఫ్ఎం2 వచ్చింది సెకండ్ హ్యాండ్‌లో. ఆ మోడలు పుట్టింది 1982లో. సెకనులో నాలుగువేలో వంతుకి షట్టరు పడే కెమెరా అప్పటికి ఇంకోటి లేదు. గుండీ బ్యాటరీలు రెండున్నా అవి మీటరుకి మాత్రమే. అయిపోయినా షట్టరు ఆగదు. బొటనవేలితో లివరు కొంచెం బయటికి లాగి, షట్టరు బటన్ సగం నొక్కితే మీటరు మేలుకుంటుంది. వ్యూఫైండర్ లోపల కుడిపక్కన మూడు ఎర్ర గుర్తులు: పైన కూడిక, మధ్యలో సున్నా, కింద తీసివేత. సున్నా వెలిగేదాకా లెన్సు కట్టు తిప్పు, నొక్కు. అంతే చదువు. మెనూ లేదు, మెనూలో మెనూ లేదు.

ఆ కెమెరా నన్ను పట్టుకుంది ఎక్కడో చెప్తాను. ఎడమ చేతి వేళ్ల దగ్గర. కెనాన్ లెన్సు బిగించాలంటే కెమెరాకి ఎదురుగా నిలబడి కుడివైపుకి తిప్పాలి, నికాన్ లెన్సు ఎడమవైపుకి. ఫోకస్ కట్టు కూడా రెండిట్లో ఎదురుబొదురు. పంతులుగారు "గట్టిమేళం" అన్నాక తాళి మెడదాకా వెళ్లడానికి పట్టే కాసింత వ్యవధిలో వేళ్లకి ఆలోచించే తీరిక ఉండదు. అలవాటైన వైపుకే తిరుగుతాయి. నేను నికాన్ వదలకపోవడానికి ఆ కంపెనీ మీద భక్తి కారణం కాదు, వేళ్లు కారణం. పైగా ఇంట్లో పోగైన లెన్సులు. బాడీ ఒక ఎత్తు, లెన్సులు పది ఎత్తులు. కంపెనీ మారడమంటే బీరువా ఖాళీ చేయడం.

ఈ విషయం మనకన్నా కంపెనీలకి బాగా తెలుసు. కస్టమరు కట్టుబడి ఉంటాడు, వాళ్లు మాత్రం ఉండరు. 1987లో కెనాన్ లెన్సు బిగించే తన పాత ఎఫ్‌డీ మౌంటుని పక్కనపెట్టి ఈఓఎస్ తెచ్చింది. అంతకుముందు కొన్న లెన్సులు కొత్త బాడీలకి పట్టవు. ఒప్పుకోవాలి, ఇంజనీరింగ్ ప్రకారం చూస్తే అది మంచి ఆలోచనే. మోటారు లెన్సులోకి వెళ్లింది, నోరు 54 మిల్లీమీటర్లకి పెరిగింది. పాత లెన్సుల బీరువా ఉన్నవాడికి మాత్రం ఇంజనీరింగ్ ఏం ఓదారుస్తుంది? నికాన్ 1959 నాటి ఎఫ్ మౌంటునే పట్టుకుని కూర్చుంది. 1977 నాటి ఏఐ లెన్సు తెచ్చి 2017లో వచ్చిన డి850కి తగిలిస్తే పట్టింది, మీటరు కూడా పనిచేసింది. మేం మీసాలు దువ్వుకున్నాం. మరుసటి ఏడే, 2018లో, జడ్ మౌంటు వచ్చింది. 55 మిల్లీమీటర్ల నోరు. పాత లెన్సుకి మధ్యలో అడాప్టరు కొనాలి. బాడీలో మోటారు మీద ఆధారపడ్డ పాత ఆటోఫోకస్ లెన్సులకి ఆ అడాప్టరు పెట్టినా ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి.

మినోల్టా అభిమానుల గతి చూడండి. 1985లో 7000 అనే కెమెరాతో ఆటోఫోకస్‌కి దారి చూపించిన కంపెనీ. 2003లో కోనికాతో కలిసింది, 2006లో కెమెరాలకి దణ్ణం పెట్టి ఆ సరంజామా సోనీకి అప్పగించింది. యాషికాని కొనుక్కున్న క్యోసెరా 2005లో చేతులు దులుపుకుంది. ఒలింపస్ 2020లో కెమెరా విభాగాన్ని అమ్మకానికి పెట్టేసింది. ఇన్ని చూశాక కూడా ఎవడైనా కంపెనీ పేరు పచ్చబొట్టు పొడిపించుకుంటే ఏమనాలి?

టిఫిన్ల దగ్గర కుర్రాళ్లకి ఇంకో ముక్క కూడా చెప్పాను. 1936లో మార్కెట్లోకొచ్చిన మొదటి కెనాన్, హాన్సా కెనాన్, దాని ముందు బిగించిన లెన్సు ఎవరిదనుకున్నారు? నిక్కోర్. అంటే నికాన్ వాళ్లది. అప్పటికి నికాన్‌కి సొంత కెమెరానే లేదు. ఇప్పుడు నికాన్ కెమెరాల్లో చాలావాటికి సెన్సారు సోనీ ఫ్యాక్టరీలో తయారైంది. వాళ్లు వాళ్లు బాగానే ఉన్నారు, మధ్యలో మీరే కొట్టుకుంటున్నారు. ముగ్గురూ ఫోన్లు తీసి వెతుక్కున్నారు, నా మాట మీద నమ్మకం లేక.

మా కాలంలో గట్టిగా నిలబడ్డవాళ్లం, మీరు గాలివాటం అని నేను అనబోవడం లేదు. యుద్ధ ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ అంతటివాడు 1950లో టోక్యోలో నిక్కోర్ లెన్సు పనితనం చూసి, జర్మన్ లెన్సులు పక్కనపెట్టి, దానితోనే కొరియా యుద్ధం తీశాడు. మంచిది కనిపిస్తే మారాలి. 2008లో కెనాన్ 5డి మార్క్ 2 వీడియో తీయడం మొదలెట్టాక మన పెళ్లి వీడియోల లోకమంతా అటు పోయింది. రామ్ గోపాల్ వర్మ ఏకంగా 5డి కెమెరాలతో అయిదు రోజుల్లో 'దొంగల ముఠా' తీసి 2011లో విడుదల చేశాడు. సినిమా సంగతి అలా ఉంచండి. ఆ కెమెరా చేయగలిగిన పని కొత్తది, అందుకోసం మారినవాళ్లని తప్పుపట్టను. ఇప్పటి కెమెరా పెళ్లికూతురి కన్ను వెతికి పట్టుకుని వదలకపోవడం చూస్తే నాకూ అసూయే.

నా గొడవల్లా వేరే. 2016లో సోనీని ఆటబొమ్మ అన్న కుర్రాడే ఇప్పుడు సోనీ పట్టీ వేసుకుని నికాన్‌ని ముసలి కంపెనీ అంటున్నాడు. మధ్యలో ఈఎంఐలు కట్టాడు, పాత కిట్టుని సగం ధరకి వదిలించుకున్నాడు. అతని ఫోటో మాత్రం ఉన్నచోటే ఉంది. లైటు పెళ్లికూతురి వెనకనుంచే పడుతోంది, గొడుగు పెట్టడం అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. కెమెరాలో బటన్లు ఎక్కడున్నాయో వేళ్లకి తెలిసేలోపే కెమెరా మారిపోతోంది. అంత తరచుగా మార్చేవాడికి పంతం దేనికి? పంతం ఉన్నవాడికి అంత తరచుగా మార్చడం దేనికి? ఏదో ఒకటి తేల్చుకోవాలి కదా.

కొట్టుకోవడానికి కూడా సరుకు మిగలట్లేదు. 2010లో జపాన్ కంపెనీలు 12 కోట్ల పైచిలుకు డిజిటల్ కెమెరాలు మార్కెట్‌కి పంపాయి. 2023కి అది 80 లక్షల లోపు. మిగిలిన పని జేబులో ఫోనే చేస్తోంది. మేనత్తల చేతుల్లో చూశాను కదా.

ఇదంతా చదివి మీ బీరువాలో నాన్నగారి యాషికానో పెదనాన్నగారి నికానో గుర్తొస్తే ఒక పని చేయండి. తోలు కేసులోంచి బయటికి తీయండి. తోలు చెమ్మ పీలుస్తుంది, మన కోస్తా గాలికి లెన్సు మీద ఫంగస్ పడుతుంది, ఒకసారి లోతుగా పట్టిందంటే గాజు మీద మచ్చ పోదు. బ్యాటరీ ఉంటే తీసేయండి, కారి లోపలంతా పచ్చగా తుప్పు పడుతుంది. మూత బిగించే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. నెలకోసారి అన్ని స్పీడుల్లోనూ షట్టరు నొక్కండి. ఏ కంపెనీదైనా పద్ధతి ఇదే.