నాన్ బోర్డర్ అన్న

ఉస్మానియా క్యాంపస్‌లో ఏ హాస్టల్‌కు వెళ్లినా ఒక అన్న తగులుతాడు. ఆయన పీజీ ఎప్పుడో అయిపోయింది, హాస్టల్ మాత్రం అవలేదు. అలాట్‌మెంటు లేకుండా ఇంకొకరి గదిలో ఉండేవాణ్ణి అక్కడ నాన్ బోర్డర్ అంటారు. రూలు ప్రకారం గది తమ్ముడిది, అన్న అతిథి. వాడుకలో మంచం అన్నది, చాప తమ్ముడిది.

పొద్దున్నే లైబ్రరీకి పోయి, కిటికీ పక్క కుర్చీలో బ్యాగు పడేసి, అప్పుడొచ్చి పళ్లు తోముకుంటాడు. తెలుగు అకాడమీ పుస్తకానికి మొదట పసుపు హైలైటర్ పూశాడు. రెండో చదువుకు గులాబీ, మూడో చదువుకు ఆకుపచ్చ. ఇప్పుడు రంగు పడని వాక్యం ఎక్కడైనా కనిపిస్తే అదే ఇంపార్టెంట్ అని గుర్తు. శాతవాహన రాజుల వరస నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. సొంత మేనకోడలు ఎన్నో తరగతో మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతాడు.

లక్ష్యం గ్రూప్-1. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాసి గట్టెక్కాడు. మార్చిలో పేపర్ లీకైందని పరీక్షే రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు. సెప్టెంబరులో దాన్ని హైకోర్టు కొట్టేసింది. 2024లో వయోపరిమితి 46కు పెంచారు. ఆ రోజు అన్న తమ్ముళ్లందరికీ చాయ్ పోయించాడు. అదే వార్త విని ఊళ్లో వాళ్లమ్మ ఏడ్చింది. ఆ వెంటనే 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. "ఈసారి పక్కా తమ్మీ" అంటూ అన్న నాలుగో రంగు కొన్నాడు.

ఆరోగ్య సూత్రాలు రెండే: సాయంత్రం ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో నడక, రాత్రి గ్యాస్ మాత్ర. నవ్వుకోవచ్చు గానీ, రిజల్టు రోజు తిండి మానేసి గడియ పెట్టుకున్న కుర్రాడి తలుపు అర్ధరాత్రి బాదేది ఈయనే. "లేవరా, చాయ్ తాగొద్దాం. నీది ఒక్క ఎగ్జామే కదా పోయింది. నన్ను జూడు!" కుర్రాడు చూస్తాడు. ఎంత దుఃఖంలోనైనా నవ్వొస్తుంది, చెప్పులేసుకుంటాడు. వర్సిటీ ఈయనకు గది ఇవ్వకపోగా జీతం కూడా బాకీ అని నా లెక్క.

మొండివాడే, ఒప్పుకుంటాను. కానీ రెండుసార్లు రద్దయింది పరీక్షే గానీ అన్న కాదు. దసరాకు ఊరొచ్చినప్పుడు "ఇప్పుడేం చేస్తున్నవ్ బిడ్డా?" అని మాత్రం అడక్కండి. అన్నం తిన్నావా అని అడగండి, చాలు.