మా రోజుల్లో ఒక్క చీటీ చాలేది

మా ఆవిడ గుండెలో మైట్రల్ వాల్వ్ సన్నబడిపోయింది. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలైన జ్వరం, దాంతోపాటు కీళ్లవాపులు. కీళ్లు బాగుపడ్డాయి గానీ ఆ జ్వరం గుండెకు చేసిన కీడు ఇన్నేళ్లకు బయటపడింది. వాల్వ్ మార్చాలన్నారు. సరేనన్నాం. అసలు కష్టం అక్కణ్ణించే మొదలైంది.

వాల్వ్ మార్చేముందు పళ్లు చూపించుకోవాలి. పుచ్చుపన్నులోని క్రిములు రక్తంలోకి దిగితే కొత్త వాల్వ్‌ను పట్టుకుంటాయి. ఈ జాగ్రత్తను నేను కాదనను. పళ్ల డాక్టరు రెండు దవడపళ్లు తీసెయ్యాలన్నాడు. ఆవిడ గుండె లయ తప్పి కొట్టుకుంటుంది కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఏసిట్రోమ్ మాత్ర వాడుతోంది. ఆ మాత్ర మీద పన్ను పీకితే రక్తం ఆగదని భయం. రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించి, గుండె డాక్టరు దగ్గర కాగితం తెమ్మన్నాడు. గుండె డాక్టరేమో అది సర్జన్ గారు చెప్పాలన్నారు. సర్జన్ గారి ఓపీ వారంలో రెండు పూటలే. ఆయన్ని పట్టుకునేసరికి మత్తు డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్‌కు గడువు తీరిపోయింది, రక్తపరీక్షలు మళ్లీ చేయించమన్నారు. ఇన్సూరెన్స్ కౌంటర్లో ఆపరేషన్ తేదీ లేనిదే అనుమతి రాదంటారు. తేదీలిచ్చే కౌంటర్లో అనుమతి లేనిదే తేదీ ఇవ్వమంటారు. ఈ రెండు కౌంటర్లూ ఒకే హాల్లో, ఎదురెదురుగా ఉన్నాయి.

గొంతులోకి గొట్టం దింపి గుండెను చూసే ఎకో ఒకటుంది. గుండె గదిలో గడ్డలేమైనా ఉన్నాయేమో దాంట్లో తెలుస్తుంది. దానికి పరగడుపున రమ్మన్నారు. షుగరు మనిషి. తెల్లారేసరికి బయల్దేరి వెళ్తే, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ఇవాళ్టి లిస్టులో పేరు లేదన్నారు. యాప్‌లో బుక్ చేశామంటే, యాప్ వాళ్లతో మాట్లాడుకోమన్నారు. యాప్ ఓటీపీ వెళ్లేది పుణెలో ఉన్న మా అబ్బాయి ఫోన్‌కి. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దిండ్లకు ఆనుకుని కూర్చునే మనిషిని ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు నడిపిస్తుంటే, “ఏమండీ, ఇవాళ్టికి చాలు, ఇంటికి పోదాం” అంది. నన్ను నిజంగా బాధపెట్టింది ఆ మాటే. ఆపరేషన్ అంటే బెదరని మనిషిని అపాయింట్‌మెంట్లు బెదరగొట్టాయి.

మా అక్కకూ ఇదే జబ్బు. డెబ్భైల నాటి మాట. మా ఊరి డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, ఇది వెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన కేసని మా నాన్నతో చెప్పారు. అక్కడే కూర్చుని వెల్లూరు డాక్టర్లకు తన చేత్తో ఉత్తరం రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని కాట్పాడిలో రైలు దిగాం. గుండెను ఆపి దాని పని చేసే యంత్రం అక్కర్లేకుండా, కొట్టుకుంటున్న గుండెలోకే వేలు పోనిచ్చి, అతుక్కున్న వాల్వ్‌ను విడదీసే ఆపరేషన్ అక్కకు చేశారు. అక్కడా ఎదురుచూశాం, లాడ్జిలో వండుకు తిన్నాం. కానీ దేనికోసం ఎదురుచూస్తున్నామో మాకు తెలుసు. వార్డు సిస్టరును అడిగితే ఫలానా రోజని చెప్పేది, చెప్పిన రోజే జరిగేది. వెల్లూరు నుంచి మా డాక్టరు గారికి పోస్టులో జవాబు వచ్చింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని మా ఇంటికే వచ్చి, ఏం తినాలో, ఏం బరువులు మొయ్యకూడదో అమ్మకు చెప్పి వెళ్లారు. మూడువారాలకోసారి వెయ్యాల్సిన పెన్సిలిన్ ఇంజెక్షన్ల లెక్క కంపౌండరు పుస్తకంలో ఉండేది. అక్క ఒకరోజు ఆలస్యం చేస్తే సాయంత్రానికల్లా “అమ్మాయిని పంపలేదేం?” అని మనిషి వచ్చేవాడు.

ఆ రోజులే మేలని నేననను. ఉత్తరం రాసే డాక్టరు లేని ఊళ్లో, రైలు చార్జీ లేని ఇంట్లో ఆ జబ్బు పిల్లలు ఎందరో పోయారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలివాడి బిడ్డకూ గుండె ఆపరేషన్ అందింది. 1990లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ మన దేశంలో తయారైన వాల్వ్‌ను తొలిసారి రోగికి అమర్చింది. ఇవి గొప్ప పనులు. అప్పట్లో వేలితో తడిమి విడదీసిన వాల్వ్‌ను ఇప్పుడు పూర్తిగా తీసి కొత్తది కుడుతున్నారు. సర్జన్ల చేతుల మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

పోయింది వేరే. ఈ రోగి నా రోగి అనుకునే మనిషి పోయాడు. పళ్ల డాక్టరుకు పన్ను, ఎకో గదికి గొట్టం, ఇన్సూరెన్స్ వాళ్లకు నంబరు. ఈ ముక్కలన్నీ కలిపి చూసే పని భర్త మీదో కొడుకు మీదో పడింది. చదువుకున్నవాణ్ణి, పింఛను వచ్చేవాణ్ణి, నాకే ఇలా ఉంటే పల్లె నుంచి ఒంటరిగా వచ్చిన ముసలావిడ గతేమిటి?

ఆసుపత్రులకు చేతగాక అనుకుందామా అంటే అదీ కాదు. ఆరోగ్యశ్రీ రోగులకు దారి చూపడానికి ఆరోగ్యమిత్రలున్నారు. హైదరాబాదు పెద్దాసుపత్రుల్లో విదేశీ రోగుల కోసం వేరే కౌంటరే ఉంటుంది. విమానాశ్రయం నుంచి తీసుకురావడం, దుబాసీని పెట్టడం, ఏ పరీక్ష ఎప్పుడో ముందే కుదర్చడం అంతా వాళ్లే చూసుకుంటారు. ఆ పని మన ఊరివాళ్లకు చెయ్యడానికి కొత్త మిషనేమీ కొనక్కర్లేదు. అన్ని విభాగాలకూ ఫోన్ చేసి, ముందు పళ్లు, తర్వాత ఎకో, ఆ తర్వాత మత్తు డాక్టరు అని వరస కుదిర్చే ఒక్క నర్సమ్మ చాలు.

గురువారం ఆవిడకు పళ్లు తీయిస్తున్నాం. తర్వాత ఎవర్ని కలవాలో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మంగళవారం సర్జన్ గారి ఓపీ ఉంది. ఈసారి తేదీ అడగను. ఈ మనిషి బాధ్యత మీలో ఎవరిదో పేరు చెప్పండి, వాళ్ల ఫోన్ నంబరు రాసివ్వండి అని అడుగుతాను. రాసిచ్చేదాకా ఆ గదిలోంచి కదలను.