కుక్కపిల్లకు నో ఎంట్రీ... ఎలుకకు ఉచిత వసతి!

కొండపల్లిలో బొమ్మల దుకాణం ముందు నిలబడితే అన్నీ జంతువులే. అంబారీ ఏనుగు, ఎద్దులబండి, లేడి, చిలక. అన్నీ తెల్ల పొణికి కర్రలోంచి పుట్టినవే. ఒకటి కొని పిల్లాడి ట్రంకుపెట్టెలో పెట్టి హాస్టల్‌కు పంపండి. ఏ వార్డెనూ కాదనడు. అది తిండి అడగదు. అరవదు. ఎదురు ప్రశ్న వేయదు. మన హాస్టళ్లకు కావలసిన ప్రాణి అచ్చం అదే. పిల్లాడు కూడా అలాగే ఉంటే మరీ మంచిది!

ఇక ప్రాణమున్నదాని సంగతి. గూడవల్లి నుంచి గొల్లపూడి దాకా మీకు నచ్చిన రెసిడెన్షియల్ క్యాంపస్‌కు వెళ్లండి. ‘సార్, మావాడు పెంచుకున్న పిల్లిని తెచ్చుకోవచ్చా?’ అని అడిగి చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత ఎగాదిగా చూస్తారు. ఆపైన క్లాసు పీకుతారు. శుభ్రత పోతుందట. రోగాలొస్తాయట. గదిలో చోటు లేదట. చదువు చెడుతుందట.

ఆహా! ఎంత శ్రద్ధ! ఒక్కొక్కటే చూద్దాం.

శుభ్రతా? 2024 జులైలో సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ జేఎన్‌టీయూ హాస్టల్‌లో ఓ ఎలుక చట్నీ పాత్రలో ఈత కొట్టింది. ఆ వీడియో ఊరూరా తిరిగింది. ఆ ఎలుకగారికి అనుమతి ఎవరిచ్చారు? దరఖాస్తు పెట్టుకుందా? కాషన్ డిపాజిట్ కట్టిందా? మంచాల్లో నల్లులు, బాత్‌రూముల్లో దోమలు ఏ కోటాలో సీటు తెచ్చుకున్నాయి? పిల్లాడు ఇష్టపడి తెచ్చుకునే ప్రాణికే నిబంధనలు. పిలవకుండా వచ్చిన వాటికి అన్నీ మినహాయింపులే. పిల్లి ఒకటుంటే చట్నీ అయినా దక్కేది కదా!

రోగాలా? టీకా వేయించిన కుక్క గేటు దాటకూడదు. టీకా ఊసే ఎరగని వీధికుక్కలు మాత్రం మెస్ వెనక ఎంగిలి కోసం గుంపులు కట్టొచ్చు. విద్యాసంస్థల నుంచి వీధికుక్కల్ని తరలించండి, ఆవరణ చుట్టూ కంచె వేయండి, గోడ కట్టండి అని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. సిగ్గనిపించడం లేదూ? కాలేజీకి గోడ కట్టుకోమని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పాలా? ఫీజు వసూలు చేయమని ఏ కోర్టయినా చెప్పాల్సి వచ్చిందా? అది మాత్రం ఎవరూ గుర్తు చేయకుండానే జరిగిపోతోందే!

చోటు లేదా? ఇదొక్కటే నిజం. పిల్లాడు అటూ ఇటూ తిరిగి పడుకోవడానికే చోటు లేని గదిలో పిల్లికెక్కడిది? మంచాల మధ్య కాలు పెట్టాలంటే పక్కవాడు కాలు తీయాలి. బ్రోషర్‌లో మాత్రం ‘విశాలమైన గదులు’. ఎవరికి విశాలం? నల్లులకా?

ఇక చదువు చెడటం. అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం కియర్నీ క్యాంపస్‌లో ఓ విద్యార్థిని, మానసిక ఆందోళనకు ఊరటగా చిన్న కుక్కను వెంట ఉంచుకుంటానంది. కుదరదన్నారు. అక్కడి న్యాయశాఖే విశ్వవిద్యాలయం మీద కేసు వేసింది. 2015లో లక్షా 40 వేల డాలర్లు కట్టి రాజీపడ్డారు. ఇంటికో పిల్లాణ్ని అమెరికా పంపే జిల్లాలు మనవి. డాలర్లు కావాలి. ఈ కబురు మాత్రం చెవికెక్కదు.

ఇక్కడో? కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేశారు. 2017లో చక్రపాణి కమిటీ. నివేదికలు బీరువా ఎక్కాయి. విశాఖ హాస్టల్‌లో ఉంటున్న ఓ నీట్ విద్యార్థిని 2023లో చనిపోయింది. ఆ కేసులోనే 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. నలుగురిలో అవమానించకూడదు. హాస్టల్ ఫ్యాన్లకు భద్రతా పరికరాలు బిగించాలి.

వీటిలో తేలికైనదేది? ఫ్యాను. స్క్రూడ్రైవర్ చాలు. మాట వినే మనిషిని పెట్టాలంటే నెలనెలా జీతమివ్వాలి! బ్యాచ్‌లు ఎత్తేస్తే ఫ్లెక్సీ మీద ఏం వేసుకుంటారు? పిల్లాడి గుండె బరువుకు తోడు కావాలంటే పిల్లి వద్దు, స్నేహితుడితో కబుర్లు వద్దు, ఫోను వద్దు, ఆదివారం ఔటింగ్ వద్దు. ఫ్యాను మాత్రం భద్రంగా ఉండాలి. ఇదండీ మన మానసిక ఆరోగ్యం!

పిల్లుల్నీ కుక్కల్నీ క్యాంపస్‌లో నింపేయమని ఎవరూ అనడం లేదు. కొందరికి ఎలర్జీ, కొందరికి భయం. సెలవుల్లో తిండి ఎవరు పెడతారన్నదీ ప్రశ్నే. యాజమాన్యాలారా, వద్దంటే వద్దనే చెప్పండి. కానీ శుభ్రత పేరు, చదువు పేరు ఎత్తకండి. ఆ రెండు మాటలూ మీ నోట పలికే అర్హత ఇంకా మీకు రాలేదు.

తల్లిదండ్రులారా, మీకో మాట. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో ఏసీ కింద కూర్చుని ర్యాంకుల లెక్క విని రాకండి. మెస్ చూపించమనండి. పిల్లాడు పడుకునే మంచం చూపించమనండి. కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, ఏ వేళలో దొరుకుతారు అని అడగండి. అక్కడివాళ్లు ముఖముఖాలు చూసుకున్నారా? చెక్కు జేబులోనే ఉంచుకుని పిల్లాడితో సహా ఇంటికొచ్చేయండి.