తొక్కు... ఇడువు

వర్నిలో ఆ అన్నదమ్ముల వాకిట్లో గోడ లేచి చాలా ఏళ్లయింది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువ నీళ్లతో మాగాణిగా మారిన తాత పొలమే తగవుకు మూలం. పెద్దమనుషుల దగ్గర తెగక కోర్టుకెక్కింది. మాటలు మాత్రం అంతకుముందే ఆగిపోయాయి.

ఆ సాయంత్రం తమ్ముడు తన కారుకు కొత్త క్లచ్ స్లేవ్ సిలిండర్ తనే బిగించుకున్నాడు. తీరా తొక్కితే క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోయింది. గేరు పడలేదు. లైన్లో ఎయిర్ ఉండిపోయింది. ఆయిల్ అణగదు, గాలి అణుగుతుంది. కాలి బలమంతా గాలిని నొక్కడానికే పోతే ఇక క్లచ్‌కి చేరేదేముంది? ఎయిర్ తీయాలంటే పెడల్ దగ్గర ఒకరు, కారు కింద ఒకరు ఉండాలి. ఇంట్లో తమ్ముడు, ముసలి తల్లి తప్ప ఎవరూ లేరు.

గోడ అవతల నుంచి అన్న వచ్చాడు. ఒకప్పుడు ట్రాక్టర్ మెకానిక్. చేతిలో స్పానర్, సన్నటి గొట్టం, సీలు విప్పని డాట్ 4 ఆయిల్ డబ్బా. సిలిండర్ నిపుల్‌కి గొట్టం తొడిగి, రెండో కొస ఆయిల్ సీసాలో ముంచి, కారు కిందికి దూరాడు.

"తొక్కు."

"తొక్కిన."

నిపుల్ వదులు చేశాడు. సీసాలో బుడగలు పొంగాయి. మళ్లీ బిగించాడు.

"ఇడువు."

బిగించకముందే పెడల్ వదిలినా, పైన డబ్బాలో ఆయిల్ అడుగంటినా గాలి మళ్లీ లోపలికి పోతుంది. అందుకే అన్న మధ్యమధ్య లేచి ఆయిల్ పోశాడు. బానెట్ మీద చుక్క ఒలికితే పెయింట్ లేచిపోతుందని వెంటనే నీళ్లతో కడిగాడు.

బుడగలు ఆగాయి. పెడల్ గట్టిపడింది. గేరు సాఫీగా పడింది.

"పైసలెన్నియ్యాలె అన్నా?"

"ఏమొద్దు తియ్."

గడప మీద కూర్చున్న తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. చాయ్ పెట్టి తెచ్చి, పెద్దకొడుకు చెయ్యి పట్టుకుంది.

"తమ్మునికి ఆపతనంగనే ఉరికొచ్చినవ్ బిడ్డా. ఇగ నాకు రంది లేదు."

అన్న చేతులు తుడుచుకుంటూ చెప్పాడు:

"రేపు బోధన్ కోర్టుల పేషీ ఉందమ్మా. పోయినసారి బండి ఖరాబైందని వాడు రాలే, వాయిదా పడ్డది. రేపు ఆ సాకు లేకుండ చేసిన."