చేప ఉంది, కనబడదు

డాలస్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా అక్వేరియం ముందు నిలబెట్టి ఇసుక చూపిస్తాను. మర్యాదస్తులు "బావుందండీ" అంటారు. దగ్గర బంధువులు "చేపేదీ?" అంటారు. ఉంది. ఇసుకలో ఉంది. వాడుకలో లెపర్డ్ రాస్, శాస్త్రవేత్తలకు మాక్రోఫారింగోడాన్ బైపార్టిటస్. ఆ పేరు పూర్తిగా పలికేలోపు అది మళ్ళీ ఇసుకలో దూరిపోతుంది.

రాస్‌లంటే మాటలా! అయిదు వందల పైచిలుకు జాతులున్న వంశం. అందులో రెండు మీటర్ల నెపోలియన్ రాస్ ఉంది, పక్క చేపల ఒళ్ళు శుభ్రం చేసి బతికే క్లీనర్ రాస్ ఉంది. నాకు నచ్చింది మాత్రం అయిదంగుళాల దగ్గరే ఆగిపోయే ఈ మచ్చల చేప. హిందూ మహాసముద్రంలో మాల్దీవుల నుంచి ఆఫ్రికా తీరం దాకా దీని పుట్టిల్లు. 1957లో దీనికి పేరు పెట్టినాయన దక్షిణాఫ్రికాకు చెందిన జె.ఎల్.బి. స్మిత్. ఎప్పుడో అంతరించిపోయిందనుకున్న సీలకాంత్ చేప ఇంకా బతికే ఉందని 1939లో లోకానికి చాటింది కూడా ఆయనే. కనబడని చేపలంటే ఆయనకీ ఏదో మోజు ఉండేదని నా అనుమానం.

మా చేప దిగిన వారంలోనే కాకినాడ నుంచి అత్తయ్యగారు కూడా దిగారు. ఇద్దరికీ జెట్‌లాగే. ఆవిడ మధ్యాహ్నం అన్నం తింటూ కునికేవారు. చేపైతే సంచీలోంచి నీళ్ళలోకి వదలగానే తలకిందులుగా ఇసుకలోకి దూకి మాయమైంది. లెపర్డ్ రాస్ కొత్త ట్యాంకులోకి వచ్చాక కొన్నాళ్ళు తన సముద్రం టైము ప్రకారమే లేచి పడుకుంటుందని, బెంగపడి తవ్వొద్దని పెంచినవాళ్ళంతా చెప్పేమాటే. మనకి పట్టపగలైతే దానికి నడిరాత్రి.

"ఎంత పెట్టి కొన్నారు బాబూ?" అన్నారు అత్తయ్యగారు. చెప్పాను. రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మాట్లాడలేదు. "పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ, ఇలా పాతిపెట్టమనలేదండీ" అన్నారు చివరికి. ఇసుక కూడా కొన్నదేనని మా ఆవిడ చెప్పేసింది. సముద్రపు ఉప్పు పొడి కొని, వడకట్టిన నీళ్ళలో లీటరుకి సుమారు ముప్ఫై అయిదు గ్రాముల లెక్కన కలుపుతామని కూడా చెప్పింది. "సముద్రం ఒడ్డు పిల్లనిచ్చి పెళ్ళి చేస్తే ఇసుకా ఉప్పునీళ్ళూ కొనుక్కుంటున్నారా?" అన్నారావిడ. దీనికి ఏ అల్లుడి దగ్గరా జవాబుండదు.

ఇంతకీ చేపను ముందు చూసింది ఆవిడే. నిద్రపట్టక అర్ధరాత్రి హాల్లో కూర్చుంటే, ట్యాంకులో నీలి దీపం వెలుతుర్లో ఇసుక కదిలిందట. ముందు మూతి, తర్వాత ఒక కన్ను. పొద్దున్న కాఫీ దగ్గర చెప్పారు: "మీ చేప లేచిందండీ. నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ పడుకుంది." డబ్బు కట్టింది నేను, దర్శనం ఆవిడకి!

తర్వాత మెల్లగా ఇద్దరూ డాలస్ టైముకి వచ్చారు. అప్పుడు చూశాను దాని అందం. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద తెల్లటి మచ్చలు, ఎద దగ్గర నలుపు. రాయి ముందు గాల్లో నిలిచినట్టు ఆగి, తల కాస్త వంచి, ఒక కన్ను తిప్పి, మనకి కనబడనిదేదో టక్కున పొడిచి తింటుంది. ఆ కనబడనివి కోపిపాడ్లు, బుల్లి నత్తల్లాంటివి. చిన్న చిన్న గుల్లల్ని గొంతులో ఉన్న పళ్ళతోనే నలిపేస్తుంది. కొత్త ట్యాంకులో ఈ జీవాలుండవు. అందుకే నెలల తరబడి పండిన ట్యాంకులోనే ఇది బతుకుతుంది. పైగా రోజుకి మూడు నాలుగు సార్లు కొసరి కొసరి పెట్టాలి. ఆ పని ఇప్పుడు అత్తయ్యగారిది. "చిక్కిపోయిందండీ" అంటూ గడ్డకట్టిన మైసిస్ రొయ్యలు కరిగించి వేస్తుంటారు. నేను చిక్కిపోయానని ఈ ఇంట్లో ఎవరూ అనలేదు.

"ఆడా, మగా?" అని అడిగారోరోజు. "ప్రస్తుతానికి ఆడ" అన్నాను. ఈ చేపలు ముందు ఆడవిగానే ఎదుగుతాయి, గుంపులో మగది లేకపోతే పెద్ద ఆడచేపే మగదిగా మారుతుందని వివరించాను. ఆవిడ నన్నూ చేపనూ మార్చి మార్చి చూసి, "అయితే జాగ్రత్త బాబూ. ఈ ఇంట్లో మగపెత్తనం లేదని దానికి తెలిస్తే మారిపోగలదు" అన్నారు. మా ఆవిడ నవ్వు వంటింట్లోంచి వినిపించింది.

ముచ్చటపడి తెచ్చుకోవాలనుకునేవాళ్ళకి నా మాట ఒకటే. డబ్బులిచ్చాక చేప కనబడి తీరాలనుకుంటే క్లౌన్ ఫిష్ కొనుక్కోండి, అది రోజంతా కళ్ళముందే తిరుగుతుంది. లెపర్డ్ రాసే కావాలంటే రెండు మూడంగుళాల మెత్తటి ఇసుక పొయ్యండి. గరుకు ఇసుకైతే దూకినప్పుడు మూతి గీరుకుపోతుంది. ట్యాంకు మీద సన్న వల బిగించండి, బెదిరితే పైకి ఎగిరి నేలమీద పడుతుంది. ఇక వారం దాటినా కనబడలేదని ఇంట్లోవాళ్ళు ఎంత ఎగతాళి చేసినా సరే, ఆ ఇసుకలో చెయ్యి పెట్టకండి.