లీపు సంవత్సరముల లెక్క

మంచు హాకీ లోకమున ఓడినవానికే ముందు వడ్డించు ధర్మ మొకటి కలదు: అట్టడుగున నిలిచిన జట్లకే డ్రాఫ్టులో, అనగా యువ ఆటగాండ్రను జట్లు వంతులవారీగా ఎంచుకొను తంతులో, తొలి ఎంపికలు దక్కు యోగ మధికము. ఇట్లు ఓటములచే ఆర్జించిన అగ్రతాంబూలమును పరులకిచ్చి, కొసరుకై ఆశపడి మూడవ స్థానమునకు దిగిన ఘనత ఫ్లోరిడా పాంథర్స్‌ది. అదియు ఒకమారు గాదు, 2002లో కొలంబస్‌తోను, 2003లో పిట్స్‌బర్గ్‌తోను. కొలంబస్ రిక్ నాష్‌ను గైకొనెను. పిట్స్‌బర్గ్ తెచ్చుకొనిన గోలీ ఫ్లూరీ అచ్చట మూడు స్టాన్లీ కప్పులు చూచెను. ఫ్లోరిడాకు దక్కిన బౌమీస్టర్, హార్టన్‌లు సామాన్యులు కారు (న్యాయము న్యాయమే గదా), అయినను ఆ జట్టు 2012 వరకు ప్లేఆఫ్ గడప త్రొక్కినది లేదు.

ఇంత ఉదారముగా మెట్లు దిగిన ఆ పెద్దలే, 2003 డ్రాఫ్టు చివరి రౌండ్లలో, అర్హతకు రెండే దినములు చాలని యువ ఆటగాడు ఒవెచ్కిన్‌ను, లీపు సంవత్సరముల అధిక దినములను గూడ లెక్కించినచో వయస్సు సరిపోవునని వాదించి, చేజిక్కించుకొనజూచిరి! లీగు వినలేదు, మరుసటి యేట వాషింగ్టన్ ఏ గణితమునకును పోక, తన మొదటి ఎంపికను ఎవరికిని అమ్మక, అతనిని తీసికొనెను.